కూర్మయ్య పార

మా అయ్య పేరు ఆ రిపోర్టులో పెట్టింది నేనే, తీసేసింది నేనే. రెండూ ఒకే వేసవిలో, ఒకే కీబోర్డు మీద చేశాను. పెట్టినప్పుడు న్యాయమని పెట్టాను. తీసినప్పుడు పగతో తీశాను. ఏది మంచి పని అని అడిగితే రెండోదే అంటాను.

ఆ ఏడు వేట నిషేధం అప్పుడే మొదలైంది. ఇంజన్ బోట్లన్నీ ఇసుక మీదికి లాగేశారు. మగవాళ్లు వలలు ముందేసుకుని కూర్చున్నారు. నేను రోజూ మా పేట నుంచి పలాస దాకా ఆటోలో, అక్కణ్నుంచి బస్సులో టెక్కలి పోయి సురేష్ డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, పీహెచ్‌డీలు చేసేవాళ్లు అక్కడికి థీసిస్‌లు పట్టుకొచ్చేవారు. వాళ్లు లోపల రాసుకున్నదాంతో నాకు పని లేదు. చివర ఉండే రిఫరెన్సులు నావి. ఏ మాట ఎవరి దగ్గర తెచ్చుకున్నారో చెప్పే వరస అది. ఇంటిపేరు ముందు, కామా, పేరులో మొదటి అక్షరం, చుక్క, బ్రాకెట్లో ఏడాది, ఆ తర్వాత వ్యాసం పేరు, పత్రిక పేరు వాలు అక్షరాల్లో. ఒక యూనివర్సిటీకి ఏడాది ముందుండాలి, ఇంకోదానికి చివరుండాలి. పదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకెవరూ నేర్పలేదు. షాపులో పారేసిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని చూసి చూసి నేర్చుకున్నాను. సెలవు రోజుల్లో చేపలమ్మే ఆడవాళ్ల సంఘానికి సెక్రటరీని. మా బుట్టలు వాసనని దింపేసిన బస్సుకు అడ్డంగా పడుకున్న దుర్గ ఎవరని పలాస బస్ కాంప్లెక్సులో అడిగితే చెబుతారు.

ఒక పొద్దున నీలిమ వచ్చింది. టెక్కలి పిల్లే, ఉమామహేశ్వరి మేడం దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. మేడం సముద్రం మీద పెద్ద ప్రొఫెసరు.

"అక్కా, అర్జెంటు. మేడం రిపోర్టు ఇది, రిఫరెన్సుల స్టైలు మొత్తం మార్చాలి. పబ్లిక్ హియరింగుకి ముందే సబ్మిట్ చెయ్యాలి," అని పెన్‌డ్రైవు పెట్టింది.

ఏ హియరింగో నేను అడగక్కర్లేదు. మా పేట పక్కనే ఒక కంపెనీ జెట్టీ కట్టబోతోంది. ఓడలకు దారి కోసం సముద్రాన్ని తవ్వుతారు, తవ్విన మట్టిని మళ్లీ సముద్రంలోనే పోస్తారు. ఎక్కడ పోస్తే చేపలకు నష్టం ఉండదో తేల్చేది మేడం రిపోర్టు. సంఘం తరఫున ఆ జెట్టీ మీద నేను అప్పటికే రెండు ధర్నాలు చేసి ఉన్నాను. ఆ సంగతి నీలిమకు తెలియదు. కామాలు పెట్టేదాన్ని ఎవరూ ఏ ఊరని అడగరు.

రిఫరెన్సులు సరిచెయ్యాలంటే లోపల వాక్యాల పక్కన ఉన్న బ్రాకెట్లతో సరిపోల్చుకోవాలి. అలా చూస్తూ ఉండగా ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. మహేంద్రగిరి కొండకున్న పెద్ద మూపు లైట్‌హౌస్ నెత్తిన కూర్చునే వరస, పేట గుడి శిఖరం తాటితోపు కొసను తాకే వరస, ఆ రెండూ కలిసే చోట సముద్రం అడుగున రాతి దిబ్బ ఉందని రాశారు. ఇంగ్లీషులో ఉంది. అయినా అది మా అయ్య గొంతు. నెత్తిన కూర్చోవడం, కొసను తాకడం, ఈ మాటలు ఏ ప్రొఫెసరుకూ తోచవు.

ఆ రాతి దిబ్బను మా వాళ్లు పార అంటారు. పార మీద చేప నిలుస్తుంది. సముద్రంలో గీతలుండవు కాబట్టి, ఒడ్డున కనిపించే కొండనూ గుడినీ చెట్టునూ వరసలో పెట్టుకుని పార ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటారు. గుర్తులు తెలిసినవాడిదే పార. ఆయన దగ్గర గుర్తులు చెప్పించుకున్న మా పేట బోట్లు అక్కడికి పోయొస్తే ఒడ్డున వేలం పాడే ఆడవాళ్లు ముందు ఒకటే అడుగుతారు, ఎవరి పార అని. బోటువాడు పేరు చెప్పాలి. చెప్పి, ఆ పేరుగలాయన ఇంటికి ఒక బుట్ట పంపాలి. పేరు చెప్పనివాడి చేపల మీద మా పేటలో ఆడది చెయ్యి వెయ్యదు. మా అయ్య కూర్మయ్యకు కిడ్నీలు పోయి పలాసలో డయాలసిస్ పడ్డాక సముద్రం మానేశాడు. ఆ తర్వాత మా ఇల్లు గడిచింది ఆ బుట్టల మీదే.

ఆ వాక్యం పక్కన బ్రాకెట్లో ఉమామహేశ్వరి అని, ఏడాది ఉంది. చివర జాబితాలోకి పోయి చూశాను. ఉమామహేశ్వరి, నీలిమ, స్వయంగా జరిపిన క్షేత్ర పరిశీలన అని ఉంది. డైవింగ్ చేసి చూశామని కూడా రాశారు.

ముందటేడు చలికాలంలో ఆవిడ మా ఇంట్లో కూర్చుంది. మా అమ్మ మంగమ్మ చేతి ఎండునెత్తళ్ల పులుసు రెండోసారి వేయించుకుని తింది. మా అయ్యను కూర్మయ్యగారూ అని పిలిచి, ఫోన్ను ఆయన మోకాలి మీద పెట్టి రికార్డు చేసుకుంది. నన్ను చూసింది కూడా. మంచినీళ్లు ఇచ్చినదాన్ని, మొహం గుర్తుండదు.

"నీలిమా, ఈ పార సంగతి కూర్మయ్య సెప్పినాడు కదా. ఆయన పేరేది?" అన్నాను.

ఆ పిల్ల ఫోన్లోంచి తల ఎత్తింది. "నీకెలా తెలుసక్కా?"

"ఆయన మా అయ్య."

మళ్లీ ఫోన్లోకి తల దించింది. తర్వాత, "నోటితో చెప్పినవి రిఫరెన్సుల్లో పెట్టరక్కా," అంది.

"చివర పెట్టరు. లోపల వాక్యం పక్కన పెడతారు. ఇంటిపేరు, పేరు, ముఖాముఖి సంభాషణ, తారీకు. పోయిన నెల మీ కాలేజీ సార్‌కి నానే పెట్టినాను."

అక్కడే టైపు చేశాను. మైలపల్లి కూర్మయ్య, ముఖాముఖి సంభాషణ. ఆ అక్షరాలు తెర మీద చూసి నాకు కడుపు నిండింది. నీలిమ అది చదివింది. బయటికెళ్లి మేడంకు ఫోన్ చేసి, లోపలికొచ్చి స్పీకరు పెట్టింది.

"ఎవరమ్మా నువ్వు? టైపిస్టువా?" అంది మేడం.

"అవునండి. కూర్మయ్య కూతుర్ని."

"ఓహో. మీ నాన్నగారు చాలా మంచివారు. చూడమ్మా, ఊళ్లో ఎవరో చెప్పింది సోర్స్ అవదు. మేము శాస్త్రీయంగా చూసి రాశాం. వెనక పేజీలో లోకల్ మత్స్యకారులకు కృతజ్ఞతలు అని పెట్టాం కదా, అందులో మీ నాన్నగారు కూడా వచ్చేస్తారు. ఆ పేరు తీసెయ్. నీ పని నువ్వు చూసుకో."

ఫోన్ పెట్టేసింది. నీలిమ నా వైపు చూడకుండా, "డిలీట్ నొక్కడమే కదా అక్కా. ఎందుకు పెద్దది చేస్తావు," అంది.

రేపు తీస్తానన్నాను. తీసే ఉద్దేశం నాకు లేదు. అందరికీ తీసినట్టు చూపించి, ప్రింటులో పెట్టేద్దామనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అయ్య గడప మీద కూర్చుని పాత వలకు సీసపు గుళ్లు గుచ్చుతున్నాడు. సముద్రానికి పోకపోయినా చేతులు ఊరుకోవు. నేను చెప్పులు విప్పకుండానే మొత్తం చెప్పాను. మేడం మాటలు మేడం గొంతుతోనే చెప్పాను. అమ్మ లోపలినుంచి గరిటె పట్టుకొచ్చింది.

"దానికి పులుసు రెండోమాటు ఏసినాను. నా సేతులిరిగిపోవాలి," అంది.

అయ్య నవ్వడం మొదలెట్టాడు. దగ్గొచ్చే దాకా నవ్వాడు.

"ఏటి నవ్వుతావు? నీ పార దొబ్బీసినారు," అన్నాను.

"నా పేరు తీసీమన్నాదా ఆ మేడం? తీసీ. బేగి తీసీ. ఆ పెద్ద మూపు కాడ ఏటున్నాది గనక? బురద."

నాకు అర్థం కాలేదు. సముద్రం మొహం చూడని ఆడపిల్లకు గుర్తులు చెప్పరు మా దగ్గర. మేడంతో ఆయన అన్నది విని నాక్కూడా పెద్ద మూపనే తెలుసు.

"ఓలె గుంటా," అన్నాడు అయ్య, "బయటోడు పార అడిగితే ఉత్తసేతుల్తో పంపకూడదు. అలగని సెప్పి పార ఒగ్గీకూడదు. అందుకే ఒక గుర్తు నిజిం సెప్తాం, ఒకటి మార్సి సెప్తాం. తాటితోపు నిజిం. మూపు మార్సినాను. ఆడు నిజింగా కావలసినోడైతే పోయి సీసపు గుండు నీళ్లలోకి దింపి సూసుకుంటాడు. బురదొస్తాది. మళ్లా వచ్చి, ఏటి మావా ఇలగ సేసినావు అంటాడు. అప్పుడు కూకోబెట్టి అసలుది సెప్తాం. నాకూ మా మావ వరహాలు అలగే సెప్పినాడు. రెండుమాట్లు తిప్పినాడు నన్ను. ఈ మేడం మళ్లా రానేదు. అప్పుడే అనుకున్నాను, సూడనేదని."

అంటే డైవింగు లేదు, పరిశీలన లేదు. ఆవిడ మా అయ్య మాటను మ్యాపు మీద గీతలు గీసి లెక్కగట్టి, తానే కళ్లతో చూసినట్టు రాసేసింది. ఇప్పుడు నేను కూడా నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"మరి ఆ మట్టి ఎక్కడ పోత్తారంట?" అని అడిగింది.

నాకు గుర్తున్నది చెప్పాను. పార పేటకు ఉత్తరాన ఉంది కాబట్టి దానికి దూరంగా, దక్షిణాన పోస్తారట. అక్కడ ఉత్త బురదేనని, చేప నిలవదని రాశారు.

అయ్య చేతిలో సీసం కింద పెట్టాడు. అసలు పార ఎక్కడుందో ఆయన నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మూపు మారితే వరస ఎటు జరుగుతుందో ఆయన మొహంలోనే కనిపించింది. ఆవిడ గుర్తుపెట్టిన మట్టి కుప్ప తిన్నగా కూర్మయ్య పార మీద పడుతుంది.

తెల్లారాక అయ్యే ఒక దారి చెప్పాడు. "ఆ మేడానికి కబురెట్టు. మళ్లా ఒకమాటు సూసుకోమను. వచ్చి అడిగితే సెప్తాను. అది మన పద్ధతి."

నాకు ఇష్టం లేదు. ఆవిడ తప్పును ఆవిడకే ముందు చెప్పి ఎందుకు కాపాడాలి? అయినా అయ్య మాట కాబట్టి నీలిమకు చెప్పాను. ఆ పార దగ్గరికి మళ్లీ ఒకసారి పోయి చూసుకోమని, ఒకసారి మా ఇంటికి రమ్మని. మర్నాడు నీలిమ జవాబు తెచ్చింది.

"మేడం చూసే రాశామన్నారు. నిన్ను కామాలు చూసుకోమన్నారు."

"ఆ ముక్కే అన్నారా?"

"అదే అన్నారు అక్కా."

సరే. కామాలు చూసుకున్నాను. మైలపల్లి కూర్మయ్య అనే అక్షరాలు ఒక్కొక్కటే చెరిపాను. నాకు తెలిసిపోయింది, ఆ పేరు అక్కడుంటే రేపు తప్పు బయటపడ్డాక ముసలాడు అబద్ధం చెప్పాడంటారు, మేడం కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. పేరు లేకపోతే ఆ బురదంతా ఆవిడది. అందుకని ఉమామహేశ్వరి పేరును అందంగా దిద్దాను. ఇంటిపేరు, కామా, చుక్క, ఏడాది. స్వయంగా జరిపిన క్షేత్ర పరిశీలన అనే మాటలను వాలు అక్షరాల్లో పెట్టాను. ఆ సెంటర్లో నేను అంత శ్రద్ధగా దిద్దిన వరస మరొకటి లేదు. నీలిమ చూసి, థాంక్స్ అక్కా, అర్థం చేసుకున్నావు అంది. అర్థం చేసుకున్నానన్నాను.

ఇంట్లో అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఆవిడ చెప్పినచోట బురద ఉందని నిరూపిస్తే చాలదు, అసలు పార ఎక్కడుందో అందరి ముందూ చూపించాలి. చూపిస్తే గుర్తులు బయటపడతాయి. నలుగురికీ తెలిసిన పారకు బుట్ట ఉండదు.

"బుట్ట పోతే ఏటి తింటాం?" అంది అమ్మ. "నువ్వు ధర్నాలు సేసుకో. మీ అయ్యని రొంపిలోకి దించకు."

"పార మీద మట్టి పోసినాక బుట్ట ఎవుడు పంపుతాడే?" అన్నాడు అయ్య.

"మరేటి, ఊరంతటికీ దానం సేసెత్తావా?"

"ఆ మేడానికి ఒగ్గీడం కన్నా నయం కాదేటి?"

అమ్మ అయ్యకేసి చూసి, నాకేసి చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, "నీకు పార కాదు కావలసింది. ఆవిడ పరువు కావాలి," అంది. కాదనలేదు నేను. రెండూ కావాలన్నాను.

హియరింగు హైస్కూలు మైదానంలో షామియానా కింద పెట్టారు. జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. వీడియో తీస్తున్నారు. మా సంఘం ఆడవాళ్లు ముందు వరసలో బుట్టలతో సహా కూర్చున్నారు. మేడం తెల్లచీర కట్టుకుని వేదిక మీద నీళ్ల సీసా పక్కన కూర్చుంది. కంపెనీవాళ్లు ఉద్యోగాల సంగతి చెప్పారు, ఎవరో రోడ్డు సంగతి అడిగారు. నా వంతు వచ్చాక మైకు తీసుకున్నాను.

"మేడం, ఉత్తరాన పారుందని రాసినారు. మీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. మా టీమ్ స్వయంగా చూసింది. రిపోర్టులో సోర్స్ ఉంది, చూడండి."

"సూసినాను. మీ పేరే ఉన్నాది. మా పేటలో ఎవుల నోటంటా విననేదా?"

"లోకల్ వాళ్లు భోజనం పెట్టారు, చాలా ఆదరించారు. వాళ్లకు కృతజ్ఞతలు చెప్పాం."

వెనకనుంచి మా అమ్మ గట్టిగా, "పులుసు గుర్తున్నాది, మనిసి గుర్తు నేదు," అంది. ఆడవాళ్లు నవ్వారు. ఆఫీసరు టేబుల్ మీద పెన్నుతో కొట్టాడు.

"అయితే మేడం," అన్నాను, "తప్పున్నా ఒప్పున్నా అది మీదే. మాది కాదు. అంతేనా?"

"అఫ్‌కోర్స్," అని నవ్వింది ఆవిడ.

మైకు కింద పెట్టలేదు. "ఇది వీడియోలో పడిందా బాబూ?" అని కెమెరా అబ్బాయిని అడిగాను. పడిందన్నాడు. "అయితే అయ్యా, పోయి సూద్దాం. మీ బోటు మీదే, మేడం రాసిన జీపీఎస్ నంబర్లు పెట్టుకునే పోదాం. అక్కడ రాయుంటే నాను జెట్టీకి అడ్డం రాను. మా సంఘం తరఫున సంతకం పెట్టెత్తాను."

ఆఫీసరుకు ఇష్టం లేదు. ఎండ ఉంది, టైము లేదు అన్నాడు. మా ఆడవాళ్లు బుట్టలు షామియానా దారికి అడ్డంగా పెట్టి కూర్చున్నారు. పేపర్లవాళ్లు ఉన్నారు. మర్నాడు పొద్దున్న పోదామన్నాడు.

మర్నాడు అయ్య డయాలసిస్‌కి పలాస పోవలసిన రోజు. పోనన్నాడు. అమ్మ ఆయన లుంగీ ఉతికినది తీసిచ్చింది. అధికారుల బోటులో ఆఫీసరు, మేడం, నీలిమ, కంపెనీ మనిషి, కెమెరా అబ్బాయి, నేను, అయ్య ఎక్కాం. బోటు అంచున అయ్య తన సీసపు గుండు పెట్టుకున్నాడు. గుండు అడుగున గుంట ఉంటుంది, అందులో మెత్తటి బట్టల సబ్బు కూరతారు. కిందికి దింపితే నేల మీద ఏముందో అది సబ్బుకు అంటుకుని పైకొస్తుంది.

మేడం నంబర్ల దగ్గర బోటు ఆగింది. లైట్‌హౌస్ నెత్తిన మహేంద్రగిరి పెద్ద మూపు తిన్నగా కూర్చుంది. అయ్య గుండు దింపాడు. తాడు జరిగింది, ఆగింది. పైకి లాగి సబ్బును ఆఫీసరు ముక్కు కింద పెట్టాడు. నల్లటి బురద.

"జీపీఎస్‌లో కొంచెం తేడా ఉంటుంది," అంది మేడం.

కొంచెం అటు పోయారు. బురద. ఇటు పోయారు. బురద. నీలిమ బోటు కడ్డీ పట్టుకుని నీళ్లలోకి చూస్తోంది. అయ్య ప్రతిసారీ సబ్బును తుడిచి, వేలితో మళ్లీ నున్నగా చేసి దింపుతున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. అది నాకు ఉంది.

"అసలు మీరు చెప్పే రాయి ఎక్కడుందయ్యా?" అని ఆఫీసరు విసుక్కున్నాడు.

అయ్య లేచి నిలబడ్డాడు. కాళ్లు వాచి ఉన్నాయి, నేను భుజం పట్టుకున్నాను. దక్షిణానికి పొమ్మని బోటు నడిపేవాడికి చెయ్యి చూపించాడు. పేట గుడి శిఖరం తాటితోపు కొసను వదలకుండా పోయాం. మహేంద్రగిరి పెద్ద మూపు జరిగిపోయింది. దాని పక్కనున్న చిన్న మూపు, నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోని పిల్ల మూపు, మెల్లగా లైట్‌హౌస్ నెత్తి మీదికి వచ్చి కూర్చుంది. అయ్య ఆపమన్నాడు. గుండు దింపాడు. ఈసారి తాడు తొందరగా ఆగింది. సబ్బు మీద బురద లేదు. గీతలు, గుల్లల పొడి, ఒక ఎర్రటి ముక్క.

కెమెరా అబ్బాయి దగ్గరికొచ్చాడు. పేరు చెప్పమన్నాడు ఆఫీసరు.

"మైలపల్లి కూర్మయ్య. ఈ పార నాకు మా మావ వరహాలు సూపించినాడు. ఆయనకి ఎవులు సూపించినారో నానడగనేదు," అన్నాడు అయ్య. "సిన్న మూపు లైట్‌హౌసు నెత్తిన, గుడి తాటితోపు కొసన. మీరు మట్టి పోత్తామన్నది దీని మీదే."

ఆ మాటతో ఇంటికొచ్చే బుట్ట నీళ్లలో పడింది. ఆయనకు తెలుసు. కావాలని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాడు.

అప్పుడు మేడం నోరు జారింది. ఎండకో, భయానికో తెలియదు.

"కూర్మయ్యగారూ, పెద్ద మూపని మీరే కదా నాకు చెప్పారు?"

బోటు ఇంజను ఆపి ఉంది. ఆఫీసరు మేడం వైపు తిరిగాడు. కంపెనీ మనిషి తన బూట్ల వైపు చూసుకున్నాడు. నిన్నంతా ఎవరూ చెప్పలేదన్న మనిషి ఆవిడ. నేను ఒక్క ముక్క అనలేదు. ఆ వేసవంతా నేను నోరు మూసుకుని ఉన్నది ఆ ఒక్క క్షణమే.

"సెప్పినానమ్మా," అన్నాడు అయ్య. "ఎల్లి సూసుంటే మళ్లా వచ్చీవోరు. మీరు రానేదు."

రిపోర్టు వెనక్కి పంపారు. మట్టి పోసే చోటు మళ్లీ తేల్చాలన్నారు, అప్పటిదాకా తవ్వకం ఆపమన్నారు. పేపర్లో మేడం ఫొటో వేశారు. ఆ కాగితం నేను దాచాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. సురేష్ నన్ను షాపులోంచి తీసేశాడు. "దుర్గా, నువ్వుంటే యూనివర్సిటీవాళ్లు గుమ్మం ఎక్కరు. నా పొట్ట కొట్టకు," అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. నా కోపమంతా వేరే చోట ఖర్చయిపోయింది.

నిషేధం ఎత్తేసిన వారంలో నీలిమ మా పేటకొచ్చింది. పొద్దున్నే, ఒడ్డున వేలం మొదలయ్యే వేళకు. ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. అప్పటికి నేనూ అమ్మతోపాటు బుట్ట ముందేసుకుని కూర్చుంటున్నాను.

"అక్కా, ఒక్క హెల్ప్," అంది. "మేడం మీద కమిటీ వేశారు. వివరణ ఇవ్వాలి. అప్పుడు నువ్వొక లైను పెట్టావు కదా, మీ నాన్నగారి పేరు, ముఖాముఖి సంభాషణ అని. అదే లైను, అదే తారీకుతో కావాలి. మీ నాన్నగారు ఒక సంతకం పెడితే చాలు."

"ఇప్పుడెందుకు?"

"సమాచారం ఆయనిచ్చారని ఉంటే, తప్పు సోర్స్‌ది అవుతుంది. మేడందవదు."

అమ్మ చేతిలోని చేపను కింద పెట్టి ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "పులుసు కావాలేటి మీ మేడానికి?" అంది.

"ఊళ్లో ఎవరో చెప్పింది సోర్స్ అవదు," అన్నాను నేను, మేడం గొంతుతో. "కామాలు చూసుకోమను."

నీలిమ వెళ్లలేదు. అక్కడే నిలబడింది. ఈలోగా ఒక బోటు ఒడ్డెక్కింది. మా పేటది కాదు, ఇచ్ఛాపురం వైపుది. గుర్తులు వీడియోలో పడ్డాక ఆ వైపు బోట్లు చాలా వస్తున్నాయి. వంజరాలు దండిగా ఉన్నాయి. బోటువాడు బుట్టలు దింపి వేలం పాడమన్నాడు. మా ఆడవాళ్లెవరూ కదల్లేదు.

"ఎవుల పార?" అని అడిగింది అమ్మ.

"అందరికీ తెలిసిన పారే కదా అత్తా. ఫోన్లో ఉంది."

"ఎవుల పారా అని అడిగినాను."

అతను చుట్టూ చూశాడు. ఒక్క చెయ్యి ముందుకు రాలేదు. ఎండ ఎక్కుతోంది, చేప ఆగదు. ఇక ఇంటికి బుట్ట రాకపోయినా, పేరు చెప్పించడం మాత్రం వదలకూడదని సంఘంలో తీర్మానించుకున్నాం. తీర్మానం నాదే.

"కూర్మయ్య పార," అన్నాడు అతను చివరికి.

అమ్మ మొదటి పాట పాడింది. మిగతావాళ్లు అందుకున్నారు. ఆ గోలలో నీలిమ నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇసుక మీద చీర పాడవుతుందని కూడా చూసుకోలేదు.

"అక్కా, ఆ రిపోర్టులో రెండో పేరు నాది. నా పీహెచ్‌డీ పోతుంది. నా పేరైనా తీయించే దారి చెప్పు."

నేను ఒక వంజరాన్ని మొప్ప ఎత్తి చూశాను. తాజాగా ఉంది.

"డిలీట్ నొక్కడమే కదా నీలిమా," అన్నాను. "ఎందుకు పెద్దది సేత్తావు?"